పోర్చుగల్ రాజులూ ప్రభువంశాలూ: ఏ ఊరికి ఎంత టైం ఇవ్వాలి, ఎక్కడ దిగాలి

లిస్బన్ వెళ్లే మనవాళ్ల ప్లాన్ దాదాపు ఒకటే. ఒక పూట లిస్బన్‌లోని బెలెం పేట, ఒక రోజు సింత్రాలో రంగురంగుల పెనా ప్యాలెస్, మిగతా టైం పసుపు ట్రాములకీ కస్టర్డ్ టార్టులకీ. తిరిగొచ్చాక కూడా పోర్చుగల్ చరిత్ర అంటే వాస్కో డ గామా, ఓడలు, మిరియాలు అన్న బడి పాఠమే మిగులుతుంది. ఆ ఓడల డబ్బు ఎవరి చేతికి వెళ్లాలి, సింహాసనం ఎవరి మాట వినాలి అన్నదాని మీద రాజులకీ, రాజంత ఆస్తి ఉన్న ప్రభువంశాలకీ దాదాపు మూడు వందల ఏళ్లు పెనుగులాట నడిచింది. అది అర్థమైతేనే ఆ దేశం అర్థమవుతుంది. దాని ఆనవాళ్లు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాకపోతే జనం క్యూ కట్టే చోట్లలో తక్కువ, పక్క సందుల్లో ఎక్కువ.

మొదటి మజిలీ సింత్రా. పెనా మాత్రం కాదు. అది 19వ శతాబ్దపు కట్టడం, మన విషయానికి సంబంధం లేదు. దానికోసం 434 బస్సు క్యూలో గంట నిలబడే బదులు స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే ఊరి నడిబొడ్డున రెండు పెద్ద శంకువుల్లాంటి తెల్లటి వంటింటి పొగగొట్టాలతో నేషనల్ ప్యాలెస్ వస్తుంది. లిస్బన్ రోసియో స్టేషన్ నుంచి సింత్రాకి రైలు 40 నిమిషాలు. ప్యాలెస్‌కి వారంలో సెలవు రోజు లేదు. గుంపు టూర్లు ఎక్కువగా పెనాకే పోతాయి కాబట్టి తెరిచిన వెంటనే వెళితే గదులు దాదాపు మీ ఒక్కరివే.

ఇక్కడ చూడాల్సింది ప్రభువుల చిహ్నాల గది. 1515 తర్వాత కొద్ది ఏళ్లలో మొదటి మనుయెల్ రాజు చేయించాడు. ఈయన ఏలింది 1495 నుంచి 1521 దాకా. అంటే మన శ్రీకృష్ణదేవరాయల సమకాలికుడు. గోవా నుంచి రాయలకు గుర్రాలు అమ్మిన పోర్చుగీసుల రాజు ఈయనే. గదిలో అడుగుపెట్టగానే గోడల మీద నీలం పలకలు కళ్లను లాగేస్తాయి. అవి 18వ శతాబ్దంలో అతికించినవి, వాటిని తర్వాత చూడొచ్చు. ముందు తల పైకెత్తాలి. గుమ్మటం నడిమధ్యన రాజముద్ర. దాని చుట్టూ మనుయెల్ పిల్లలవి ఎనిమిది: ఆరుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఆ కింద 72 జింకలు, ఒక్కో జింక మెడలో ఒక్కో ప్రభువంశం డాలు. కింద గోడ పొడవునా ఉన్న పాత పోర్చుగీసు పద్యం, నమ్మకమైన సేవతో సంపాదించుకున్న ఈ గౌరవాలను అలాంటి సేవతోనే నిలబెట్టుకోవాలని చెబుతుంది. రాజు పెట్టిన షరతు ఇది, అందంగా చెప్పిన హెచ్చరిక. మీ వంశం ఎంత పాతదైనా నా చుట్టూనే తిరగాలి, నా కింద వరసలోనే ఉండాలని ఆ పైకప్పు చెబుతోంది.

ఆ 72లో ఒక డాలు మీద గుర్తు లేదు. అది తావొరా వంశానిది, 1759లో చెరిపించేశారు. దాన్ని వెతికి పట్టుకోకుండా ఈ గది దాటొద్దు. గైడు లేకపోతే గదిలో ఉండే సిబ్బందిని 'తావొరా' అని అడిగితే చాలు, వేలు పెట్టి చూపిస్తారు. చిన్న బైనాక్యులర్ గానీ ఫోన్ జూమ్ గానీ లేకుండా వెళితే అంత ఎత్తున డాళ్లు సరిగా కనపడవు.

అదే ప్యాలెస్‌లో ఇంకో గది ఉంది. చిన్నది, నేల పలకలు అరిగిపోయి ఉంటాయి. ఆరో అఫోన్సో రాజును సొంత తమ్ముడు పెద్రో 1667లో అధికారం నుంచి తప్పించాడు. అన్న పెళ్లిని రద్దు చేయించి 1668లో ఆ వదినగారినే పెళ్లాడాడు. అఫోన్సోను మొదట అజోర్స్ దీవుల్లో ఉంచి, తర్వాత ఈ గదిలో బంధించారు. 1683లో ఇక్కడే చనిపోయాడు. బతికున్నంత కాలం పేరుకి రాజు ఆయనే, పెద్రో రాజప్రతినిధి మాత్రమే. ఆయన పచార్లు చేసి చేసి ఆ పలకలు అరిగాయని స్థానికంగా చెప్పుకుంటారు. ప్యాలెస్ మొత్తానికి రెండు గంటలు సరిపోతుంది.

సింత్రాలో చెరిపిన ఆ గుర్తుకు మిగతా సగం బెలెంలో ఉంది. కస్టర్డ్ టార్టుల కోసం జనం బారులు తీరే పాత దుకాణానికి పక్కనే బేకో దో షావ్ సాల్గాడో అని ఒక సందు. అందులోకి పది అడుగులు వేస్తే గోడల మధ్య ఇరుక్కుని ఒక రాతి స్తంభం, దానికి ఐదు కట్లు. పీఠం మీద చెక్కిన మాటల సారం ఇది: ఇక్కడున్న జొజె మస్కరేన్యస్ ఇళ్లను నేలమట్టం చేసి, నేల మీద ఉప్పు చల్లారు, అతని అవైరో డ్యూకు గౌరవాలన్నీ ఊడబెరికారు, ఈ చోట ఇంకెప్పుడూ ఏదీ కట్టకూడదు. 1758 సెప్టెంబరు 3 రాత్రి మొదటి జొజె రాజు బండి మీద కాల్పులు జరిగాయి. మంత్రి పొంబాల్ ఆ నేరాన్ని అవైరో డ్యూకు మీదా తావొరా కుటుంబం మీదా మోపాడు. 1759 జనవరి 13న ఈ బెలెంలోనే జనం చూస్తుండగా వాళ్లను చంపించారు. తావొరా మార్క్విస్ అంటే అనామకుడు కాడు, 1750 నుంచి 1754 దాకా గోవాలో వైస్రాయిగా మన దేశంలో పోర్చుగీసు అధికారానికి పెద్ద దిక్కు. 1781లో మళ్లీ విచారణ జరిపి తావొరాలు నిర్దోషులన్నారు, డ్యూకు మీద నేరం మాత్రం అలాగే ఉంచారు. నేరం నిజంగా ఎవరిదన్న దాని మీద చరిత్రకారుల వాదన ఇంకా తెగలేదు. ఒక మంత్రి దేశంలోకెల్లా పెద్ద వంశాల్లో రెండింటిని ఇలా తుడిచిపెట్టగలిగాడన్నదే ఇందులో అసలు విషయం. ఈ స్తంభానికి టికెట్ లేదు, వేళల్లేవు. అయినా టార్టుల క్యూలో నిలబడిన వందమందిలో ఇద్దరు కూడా సందులోకి తొంగిచూడరు.

బెలెంలోనే ఉన్న జెరోనిమోస్ మఠం మీద ఒక సలహా. 2025లో లోపలి ఆవరణ టికెట్ 18 యూరోలు, ఆన్‌లైన్‌లో టైం స్లాట్ కొనకపోతే ఎండలో గంటన్నర నిలబడాలి. చెక్కడపు పని నిజంగా గొప్పది. కానీ చరిత్ర కోసమైతే టికెట్ అక్కర్లేని చర్చి భాగమే ముఖ్యం, దాని క్యూ వేరు. ఆఫ్రికా, ఆసియా సరుకుల మీద వచ్చే రాబడిలో ఇరవయ్యో వంతు ఈ కట్టడానికి పోయింది. గుమ్మం దాటగానే గామా, కవి కమొఇంష్ సమాధుల దగ్గర అందరూ ఆగిపోతారు, అవి 19వ శతాబ్దంలో పెట్టినవి. ముందుకు నడిచి గర్భాలయం దగ్గర చూడండి: మనుయెల్, ఆయన కొడుకు మూడో జొవావ్ సమాధులు పాలరాతి ఏనుగుల వీపు మీద ఉంటాయి. పక్క భాగంలో సెబాస్తియావ్ రాజుది. 1578 ఆగస్టు 4న మొరాకోలో అల్కసర్ కిబీర్ యుద్ధంలో ఆయన పడిపోయాడు, పెళ్లి కాలేదు, వారసుడు లేడు. సమాధి మీది లాటిన్ శాసనంలో 'వదంతి నిజమైతే' ఇందులో ఉన్నది సెబాస్తియావ్ అని రాసి ఉంది. రాజుగారి శవమేనా అన్న అనుమానాన్ని రాతి మీదే ఒప్పుకున్నారు. ఆ యుద్ధంలో దేశపు ప్రభువుల్లో చాలామంది చచ్చారు, బందీలుగా చిక్కినవాళ్ల విడుదలకు కుటుంబాల ఖజానాలు ఖాళీ అయ్యాయి. రెండేళ్లకే స్పెయిన్ రాజు వచ్చి కూర్చోవడానికి అదొక పెద్ద కారణం.

బెలెం టవర్‌ని 2025లో మరమ్మతులకు మూశారు, వెళ్లేముందు తెరిచారో లేదో చూసుకోండి. తెరిచినా ఇరుకు మెట్ల కోసం క్యూలో నిలబడమని చెప్పలేం. బయటి నుంచి చూస్తే సరిపోతుంది. ఒక మూల కావలి గూడు కింద అరిగిపోయిన ఖడ్గమృగం తల ఉంటుంది, గుజరాత్ సుల్తాను కానుకగా ఇవ్వగా 1515లో లిస్బన్‌కి చేరిన జంతువు గుర్తు అది. ఆ సమయం అక్కడి గుర్రపు బండ్ల మ్యూజియానికి ఇవ్వండి. ఐదో జొవావ్ రాజు తన రాయబారిని 1716లో పోప్ దగ్గరికి పంపినప్పుడు రోమ్ వీధుల్లో ఊరేగిన బంగారు పూత రథాల్లో మూడు అక్కడున్నాయి. బ్రెజిల్ బంగారం వచ్చాక రాజు ప్రభువుల మీద ఆధారపడటం ఎందుకు తగ్గిందో వాటిని చూస్తే తెలుస్తుంది. బెలెంకి 15ఈ ట్రాములో జేబుదొంగలు ఎక్కువ, కిక్కిరిసి ఉంటుంది. కైష్ దో సొద్రే స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కితే పది నిమిషాలు కూడా పట్టదు.

లిస్బన్ నడిబొడ్డుకి ఒక సాయంత్రం చాలు, అయితే దారి తెలిసి నడవాలి. నదీ తీరాన ఉన్న పెద్ద చౌకు స్థానంలో 1755 నవంబరు 1 భూకంపం దాకా రాజప్రాసాదం ఉండేది. 1640 డిసెంబరు 1న స్పెయిన్ పాలనను వదిలించుకోవాలనుకున్న కుట్రదారులు స్పెయిన్ పక్షపు కార్యదర్శి మిగెల్ ద వాస్కొన్‌సెలోస్‌ని ఆ ప్రాసాదం కిటికీలోంచే కిందికి విసిరేశారు. ఇప్పుడు మధ్యలో మొదటి జొజె గుర్రం విగ్రహం, 1775 నాటిది. పీఠం ముందు పొంబాల్ ముఖం ఉన్న కంచు బిళ్ల చూడండి. 1777లో రాజు పోయాక మంత్రి పదవితో పాటు ఆ బిళ్లనూ పీకేశారు, 1833లో మళ్లీ బిగించారు. అక్కడి నుంచి రోసియోకి నడిస్తే ఇప్పటి జాతీయ నాటకశాల ఉన్నచోటే ఒకప్పుడు ఇంక్విజిషన్ (మతద్రోహం పేరుతో విచారించి శిక్షించే చర్చి న్యాయస్థానం) కేంద్రం ఉండేది. పక్కనే సావ్ దొమింగోస్ చర్చి ముందు 1506 ఏప్రిల్‌లో ఊచకోతకు గురైన యూదు మూలాల కొత్త క్రైస్తవుల స్మారకం. 1959 అగ్నిప్రమాదం మచ్చలు చర్చి లోపల కనబడేట్టే వదిలేశారు. దాన్ని ఆనుకునే 1640 కుట్రదారులు సమావేశమైన అల్మాడా ప్రభువుల భవనం.

బస విషయానికొస్తే, రోసియో చుట్టుపక్కలే మంచిది. సింత్రా రైలు నడక దూరం, మార్తిం మొనిజ్ దగ్గర బియ్యం, పప్పు, పచ్చిమిర్చి దొరికే దక్షిణాసియా దుకాణాలు పది నిమిషాలు. అయితే ఆ పేటలోవి ఎక్కువగా భూకంపం తర్వాత పొంబాల్ హయాంలో లోపల కొయ్య చట్రంతో కట్టిన నాలుగైదు అంతస్తుల ఇళ్లు. అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లలో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, పై అంతస్తులో అడుగు వేస్తే కింద వినిపిస్తుంది. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు 'లిఫ్ట్ ఉందా' అని రాతపూర్వకంగా అడిగి మరీ బుక్ చేసుకోవాలి. లేకపోతే ఎంట్రెకాంపోస్ వైపు హోటళ్లు చూడండి, కొత్త భవనాలు, తర్వాతి మజిలీ అయిన ఎవోరా ఊరికి రైలు అక్కడే ఎక్కొచ్చు. గది అద్దె కాక మనిషికి రాత్రికి 4 యూరోల నగర పన్ను విడిగా కట్టాలి. లిస్బోవా కార్డు అనే పర్యాటకుల పాస్ జెరోనిమోస్ ఆవరణ, సింత్రా రైలు రెండూ చేసే రోజుల్లోనే గిట్టుబాటు. ఆదివారాలు మ్యూజియాలు ఉచితమని పాత వ్యాసాల్లో కనబడుతుంది, ఆ వెసులుబాటు ఇప్పుడు పోర్చుగల్ నివాసులకే.

ఇక ఎవోరా. రైల్లో గంటన్నర, రోజుకు నాలుగైదు రైళ్లే కాబట్టి తిరుగు టికెట్ ముందే కొనాలి. లిస్బన్‌లోని సేతె రియోస్ బస్టాండు నుంచి బస్సులు మాత్రం తరచూ ఉంటాయి. ఊరి మధ్య జిరాల్దో చౌకులో కాఫీ తాగే ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి: 1483లో రెండో జొవావ్ రాజు బ్రగాంసా డ్యూకు ఫెర్నాందో తల తీయించింది ఈ చౌకులోనే. దేశంలోకెల్లా ధనిక వంశం ఆస్తులన్నీ స్వాధీనం చేసుకున్నాడు. మరుసటి ఏడాది విజెవు డ్యూకుని స్వయంగా పొడిచి చంపాడు. ఆ విజెవు డ్యూకు తమ్ముడే తర్వాత రాజైన మనుయెల్. చచ్చిపోయిన ఫెర్నాందో భార్య మనుయెల్‌కి స్వయానా అక్క. రాజవగానే మనుయెల్ బ్రగాంసాల ఆస్తులు తిరిగిచ్చేశాడు. సింత్రా పైకప్పు మీది హెచ్చరిక రాయించినవాడి ఇంట్లో ఎంత రక్తం పారిందో తెలిస్తే ఆ మాటల బరువు తెలుస్తుంది.

ఎవోరాలో జనమంతా ఎముకల చాపెల్‌కి వెళతారు. చూడండి, అరగంట చాలు. జెస్యూట్లు అనే క్రైస్తవ సన్యాసుల పాత విశ్వవిద్యాలయానికి మాత్రం గంటన్నర పెట్టుకోండి. కార్డినల్ హెన్రిక్ 1559లో పెట్టాడు, జెస్యూట్లను దేశం నుంచి వెళ్లగొట్టిన 1759లో పొంబాల్ మూయించాడు. తరగతి గదుల గోడల మీద అక్కడ చెప్పే పాఠానికి సరిపోయే నీలం పలకల చిత్రాలుంటాయి, ఒక గదిలో అరిస్టాటిల్ అలెగ్జాండర్‌కి చదువు చెబుతుంటాడు. ఇప్పటికీ అక్కడ క్లాసులు జరుగుతాయి, జరిగే గదుల్లోకి వెళ్లనివ్వరు. అందుకని మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లడం నయం. రోమన్ గుడి దగ్గర ఇంక్విజిషన్ కోర్టు నడిచిన భవనం ఇప్పుడు కళాకేంద్రం. 1637లో స్పెయిన్ వేసిన కొత్త పన్నుల మీద ఈ ఊరే తిరగబడింది. అధికారుల ఇళ్లు దోచుకుని, ప్రకటనల కింద ఊళ్లో అందరికీ తెలిసిన మనుయెలీన్యో అనే వెర్రివాడి పేరు పెట్టేవారు. సంతకం పెట్టినవాణ్ణి శిక్షించలేరు కదా.

ఎవోరాలో బస ప్రాకారం లోపలే తీసుకోండి, కారుంటే ప్రాకారం బయట పార్కింగ్‌లో వదిలేయండి. లోపలి వీధులు రెండు బండ్లు పట్టనంత ఇరుకు, ఎక్కువ చోట్ల స్థానికులకే అనుమతి. జులై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని గదిలో నిద్ర పట్టదు. మార్చి నుంచి మే దాకా మంచి కాలం. శాకాహారులకు ఈ ప్రాంతం కొంచెం కష్టమే. రొట్టె, వెల్లుల్లి, కొత్తిమీర, ఆలివ్ నూనెతో చేసే అసోర్దా మన నోటికి నచ్చుతుంది, కాకపోతే గుడ్డూ చేపా లేకుండా చేయమని గట్టిగా చెప్పాలి. మీగష్ అన్న వంటకంలో పందికొవ్వు ఉంటుంది. ఎవోరా గొర్రెపాల జున్ను విరగ్గొట్టేది ముళ్లమొక్క పూల రసంతో, దూడల కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో కాదు. కాబట్టి ఆ పట్టింపు ఉన్నవాళ్లూ ధైర్యంగా తినొచ్చు. కూర్చోగానే బల్ల మీద పెట్టే రొట్టె, ఆలివ్‌లు, జున్ను ముట్టుకుంటే బిల్లులో పడతాయి, వద్దంటే తీసుకెళ్లిపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

మొత్తం ప్రయాణంలో ఒక్క చోటే ఎంచుకోవాలంటే విలా విసోజా. ఎవోరాకి 60 కిలోమీటర్లు, అయినా మనవాళ్లు దాదాపు ఎవరూ వెళ్లరు. తల పోగొట్టుకున్న ఫెర్నాందో కొడుకు జైమె 1501లో ఇక్కడ ప్యాలెస్ మొదలుపెట్టాడు. చౌకులోకి రాగానే 110 మీటర్ల పొడవున పాలరాతి ముఖభాగం ఒక్కసారిగా ఎదురవుతుంది. చుట్టుపక్కల గనుల్లోని రాయే. ఎస్ట్రెమోజ్, బోర్బా, విలా విసోజా మూడూ పాలరాతి ఊళ్లే, ఇక్కడ ఇంటి గడపలు కూడా పాలరాతివే. ఒక ప్రభువు రాజధానికి దూరంగా ఇంత పొడవు గోడ ఎందుకు కట్టాడంటే, రాజు వచ్చినా తక్కువ కాకూడదని. 1640లో కుట్రదారులు రాజరికం ఇస్తామని వెతుక్కుంటూ వచ్చింది ఈ ఇంటి ఎనిమిదో డ్యూకు దగ్గరికే. ఆయన నాలుగో జొవావ్ అయ్యాడు. 1638లో ఇక్కడే పుట్టిన ఆయన కూతురు కతరీనా ఇంగ్లండు రాజును పెళ్లాడినప్పుడు కట్నంలో బొంబాయి వెళ్లింది. ఇప్పుడు చౌకులో గుర్రం మీద ఉన్నది నాలుగో జొవావే. ఎవోరా చౌకులో తల పోయిన ఇంటివాళ్లే ఆ తర్వాత 1910 దాకా దేశాన్ని ఏలారు.

లోపలికి గైడు వెంటే వెళ్లాలి, దాదాపు గంట పడుతుంది, ఫోటోలు తీయనివ్వరు. వివరణ ఎక్కువగా పోర్చుగీసులోనే. ఇంగ్లీషు కావాలంటే ముందే ఈమెయిల్ చేసి గుంపు దొరుకుతుందేమో కనుక్కోండి. నిరాశ పడేవాళ్లు ఎందుకు పడతారో కూడా చెప్పాలి: 1640 తర్వాత మంచి సామాను రాజుతో పాటు లిస్బన్ తరలిపోయింది, గదులు ఇప్పుడు చాలావరకు 1908లో హత్యకు ముందు రాత్రి ఇక్కడే పడుకున్న కార్లోస్ రాజు కాలం నాటివి. 17వ శతాబ్దపు దర్బారు కనిపిస్తుందని వెళ్లకండి. డ్యూకుల హాలు పైకప్పు మాత్రం తప్పక చూడండి. ఐదో జొవావ్ తన వంశపు డ్యూకుల ముఖాలన్నీ అక్కడ వేయించాడు. సింత్రాలో రాజు కింద వరసలో నిలబడ్డ ప్రభువులు, ఇక్కడ పైకప్పు మొత్తం తమదే చేసుకున్నారు. వంటింట్లో మెరిసే రాగి గుండిగలు, బాణళ్లు వందల్లో ఉంటాయి. బయటికొచ్చి పది నిమిషాలు నడిచి కోట లోపలి కొన్సైసావ్ అమ్మవారి (మేరీమాత) చర్చికి వెళ్లండి. 1646లో నాలుగో జొవావ్ కిరీటాన్ని ఆ అమ్మవారికి అర్పించాడు, అప్పటినుంచి పోర్చుగల్ రాజులెవరూ తలమీద కిరీటం పెట్టుకోలేదు. రాజుల చిత్రాల్లో కిరీటం పక్కన బల్ల మీద ఉండటానికి కారణం అదే.

ప్యాలెస్ పక్కనే పాత సన్యాసినుల మఠంలో హోటల్ ఉంది, ఖరీదు ఎక్కువ. కారున్నవాళ్లకు, ఒక రాత్రి నిశ్శబ్దంగా గడపాలనుకునేవాళ్లకు తగినది. ఎవోరా నుంచి రోజువారీగా వెళ్లొచ్చేవాళ్లకు అక్కర్లేదు. ఊళ్లో సాయంత్రం చేసేదేమీ ఉండదు.

తొమార్, మాఫ్రా అని ఇంకో రెండు ఊళ్లున్నాయి, రెండూ చేయడానికి టైం లేకపోతే ఈ దారిలో తొమార్‌కే ఓటు. 1581 ఏప్రిల్‌లో ప్రభువులు, చర్చి, పట్టణాల ప్రతినిధులు అక్కడ సమావేశమై స్పెయిన్ రాజు ఫిలిప్‌ను తమ రాజుగా ఒప్పుకున్నారు. పోర్చుగల్ పదవులు పోర్చుగీసులకే, చట్టాలూ నాణేలూ మారకూడదని షరతులు రాయించుకున్నారు. ఆ షరతులు సడలడమే 1637కీ 1640కీ దారితీసింది. మాఫ్రా ఐదో జొవావ్ బ్రెజిల్ బంగారంతో 1717లో మొదలుపెట్టిన కొండంత ప్యాలెస్. మొదట మొక్కుకున్నది 13 మంది సన్యాసులకు మఠం, కట్టింది 300 మందికి. లైబ్రరీ అద్భుతం, కానీ తాడు కట్టిన గుమ్మం దగ్గర నుంచే చూడాలి. సగం భవనం ఇప్పటికీ సైన్యం చేతిలో ఉంది. నడిచి నడిచి కాళ్లు పీకుతాయి, తెలిసేది మాత్రం ఒక్కటే, డబ్బున్న రాజు ఎవరినీ అడగక్కర్లేదని. అది బండ్ల మ్యూజియం ముందే చెప్పేసింది.

రోజుల వరస సెలవులను బట్టి వేసుకోవాలి. జెరోనిమోస్, బండ్ల మ్యూజియం సోమవారం మూత, మాఫ్రా మంగళవారం, విలా విసోజా సోమవారంతో పాటు మంగళవారం ఉదయం కూడా. అందుకని సోమవారం సింత్రా, మంగళవారం బెలెం, బుధవారం తొమార్, గురువారం ఎవోరా, శుక్రవారం విలా విసోజా పెట్టుకుంటే ఎక్కడా తలుపు మూసి ఉండదు. విలా విసోజాకి రైలు లేదు. ఎవోరా నుంచి బస్సులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, శని, ఆదివారాలు ఇంకా తక్కువ. బడి సెలవుల్లో కొన్ని సర్వీసులు ఆగిపోతాయి కాబట్టి ముందురోజు బస్టాండులోనే అడిగి వేళలు రాసుకోండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే ఎవోరాలో ఒక్కరోజుకి కారు అద్దెకు తీసుకోవడం సుఖం, ఆటోమేటిక్ కావాలంటే మాత్రం ముందే అడగాలి. బస్సు మీద వెళ్లేవాళ్లు ఎవోరా గది శుక్రవారం రాత్రికి కూడా ఉంచుకోవాలి. చివరి బస్సు ఎక్కినా లిస్బన్ రైలు అందకపోవచ్చు.